థర్మల్ ఎంటెక్‌లో కొలత ఎక్కడుంది?

ఎంటెక్ వైవాలకు ఎక్స్‌టర్నల్‌గా వెళ్లినప్పుడు నేను మొదట అడిగేది థీసిస్‌లోని సమీకరణాల గురించి కాదు. "ఈ థర్మోకపుల్ ఎవరు అతికించారు నాయనా?" అని అడుగుతాను. "నేనే సార్" అన్నవాళ్లు ఆ తర్వాత దాదాపు ఏ ప్రశ్నకూ తడబడరు. అతుకు ఎక్కడ ఊడిందో, రీడింగు ఎందుకు ఊగిందో, ఏ రోజు కరెంటు పోయి మళ్లీ మొదటి నుంచి నడపాల్సి వచ్చిందో పూసగుచ్చినట్టు చెబుతారు. కొన్నేళ్లుగా ఎక్కువగా వినిపిస్తున్న జవాబు వేరు. "ఎక్స్‌పెరిమెంట్ లేదు సార్, మొత్తం ఫ్లూయెంట్ సాఫ్ట్‌వేర్‌లోనే చేశాను." తెర మీద ఎరుపు నుంచి నీలం దాకా రంగులు పరుచుకున్న అందమైన బొమ్మ వస్తుంది. ఆ బొమ్మ నిజమని నీకెలా తెలుసు అని అడిగితే గది అంతా నిశ్శబ్దం.

థర్మల్, ఫ్లూయిడ్స్ రంగంలో పీజీ గురించి మాట వస్తే తల్లిదండ్రులు "ఉద్యోగాలు ఉన్నాయా?" అంటారు, కాలేజీల యాజమాన్యాలు "సీట్లు నిండుతాయా?" అంటాయి. రెండూ అడగాల్సిన ప్రశ్నలే. కానీ ఈ చదువు బాగోగులు తేల్చేది మూడో ప్రశ్న అని నా నమ్మకం. ఈ రెండేళ్లలో విద్యార్థి దేన్నయినా తన చేత్తో కొలిచాడా? కొలిచిన చోట ఈ చదువు నిలబడింది. కొలవని చోట బీటెక్‌కు రెండేళ్ల పొడిగింపుగా మిగిలిపోయింది.

ముందుగా ఈ చదువు ఏమిటో చూద్దాం. పేరు ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. ఐఐటీ మద్రాసు, ఎన్‌ఐటీ వరంగల్, జేఎన్‌టీయూల్లో దీన్ని థర్మల్ ఇంజనీరింగ్ అంటారు. ఐఐటీ బొంబాయిలో థర్మల్ అండ్ ఫ్లూయిడ్స్ ఇంజనీరింగ్, కాన్పూరులో ఫ్లూయిడ్ మెకానిక్స్ అండ్ థర్మల్ సైన్సెస్. పేరు ఏదైనా మొదటి ఏడాది పాఠాలు దాదాపు ఒకటే: అడ్వాన్స్‌డ్ థర్మోడైనమిక్స్, హీట్ ట్రాన్స్‌ఫర్, ఫ్లూయిడ్ మెకానిక్స్, సీఎఫ్‌డీ (ప్రవాహాలను కంప్యూటర్‌తో లెక్కగట్టడం). ఎలెక్టివ్‌లుగా గ్యాస్ టర్బైన్లు, కంబషన్, రిఫ్రిజిరేషన్, సోలార్ వంటివి ఉంటాయి. రెండో ఏడాదంతా ప్రాజెక్టు.

బీటెక్‌కూ ఎంటెక్‌కూ తేడా సబ్జెక్టు పేరు ముందు చేరే "అడ్వాన్స్‌డ్" అన్న మాటలో లేదు. బీటెక్‌లో గొట్టంలో పారే నీటికి వేడి ఎంత వేగంగా చేరుతుందో లెక్కగట్టడానికి దిట్టస్-బోల్టర్ సూత్రం ఇస్తారు. 0.023 అంకెతో మొదలయ్యే ఆ సూత్రం మెకానికల్ విద్యార్థులందరికీ కంఠతా వస్తుంది. అంకెలు వేస్తే జవాబు వస్తుంది, మార్కులూ పడతాయి. ఆ 0.023 ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్న ఎంటెక్‌లో రావాలి. అది ఎవరి ఊహలోనూ పుట్టలేదు. గొట్టాల్లో నీళ్లు పారించి, ఉష్ణోగ్రతలు చూసి, గ్రాఫు మీద చుక్కలు పెట్టి, వాటి గుండా గీత గీస్తే వచ్చింది. రెనాల్డ్స్ సంఖ్య 10,000 దాటిన ప్రవాహాలకే అది పనికొస్తుంది. అక్కడ కూడా జవాబు 25 శాతం దాకా తప్పు రావచ్చని ఇన్‌క్రొపెరా పాఠ్యపుస్తకమే హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరిక చదవకుండా ఎంటెక్ పూర్తి చేసినవాళ్లను నేను చూశాను.

ఈ శాస్త్రం మొత్తం అలాంటి చుక్కల మీదే కట్టిన ఇల్లు. 1883లో మాంచెస్టర్‌లో ఆస్బోర్న్ రెనాల్డ్స్ గాజు గొట్టంలో నీళ్లు వదిలి, మధ్యలోకి సన్నని రంగు నీటి ధార పంపి చూశాడు. మెల్లగా పారుతున్నంతసేపూ ఆ రంగు దారం పోగులా తిన్నగా సాగింది. వేగం పెంచుకుంటూ పోతే ఒక దశలో ఉన్నట్టుండి చెదిరి గొట్టమంతా అలుముకుంది. లామినార్, టర్బులెంట్ అని మనం పిల్లలకు రెండు ముక్కల్లో చెప్పే తేడా ఆయన కళ్లెదుట కనబడింది. మామూలు గొట్టాలకు ఆ హద్దు రెనాల్డ్స్ సంఖ్య 2300 దగ్గర అని ఇప్పుడు పదో పేజీలో చదువుకుంటున్నాం. 1904లో జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో జరిగిన గణిత మహాసభలో లుడ్విగ్ ప్రాంట్ల్ బౌండరీ లేయర్ భావనను వినిపించాడు. ఆ భావన వెనక చేత్తో చక్రం తిప్పి నీళ్లు పారించే ఒక తొట్టి ఉంది. నీళ్లలో మెరిసే రేణువులు చల్లి, గోడ పక్కన ప్రవాహం ఎలా వెనకబడుతోందో, ఎక్కడ గోడను వదిలి విడిపోతోందో ఆయన చూశాడు. విమానం రెక్క మీద గాలి ఎలా కదులుతుందన్న లెక్కకు పునాది ఆ తొట్టిలో పడింది.

మన దేశంలోనూ ఈ పరంపర ఉంది. శ్రీహరికోట అంతరిక్ష కేంద్రానికి సతీశ్ ధవన్ పేరు ఉందని తెలుగువాళ్లలో చాలామందికి తెలుసు. ఆయన అమెరికాలో కాల్టెక్‌లో చేసిన పరిశోధన ఏమిటో తెలిసినవాళ్లు తక్కువ. గాలి ఒక పలక మీద నుంచి పోతున్నప్పుడు ఆ పలకను ఎంత బలంతో రాసుకుంటుందో ఆయన సూటిగా కొలిచారు. పలకలో ఒక చిన్న ముక్కను అటూ ఇటూ కదిలేలా విడిగా అమర్చి, దాని మీద పడే ఆ అతి సన్నని లాగుడును పట్టుకున్నారు. బెంగళూరు ఐఐఎస్సీకి వచ్చాక రొద్దం నరసింహతో కలిసి, లామినార్ ప్రవాహం టర్బులెంట్‌గా మారే దశపై 1958లో ప్రచురించిన పరిశోధనను ఈనాటికీ ప్రపంచమంతా ఉదహరిస్తుంది. దాని వెనక ఉన్నది విండ్ టన్నెల్, ఓపిక.

ఇదంతా చదివి కంప్యూటర్ లెక్కలకు నేను వ్యతిరేకినని అనుకోవద్దు. సీఎఫ్‌డీ ఈ తరానికి దొరికిన గొప్ప పనిముట్టు. ఆ పనిముట్టును తయారుచేసిన వాళ్లలో మనవాళ్లు ఉన్నారు. ఐఐటీ బొంబాయిలో ఎంటెక్ చేసి లండన్ ఇంపీరియల్ కాలేజీకి వెళ్లిన సుహాస్ పటాంకర్, అక్కడి ఆచార్యుడు స్పాల్డింగ్‌తో కలిసి 1972లో సింపుల్ అనే పద్ధతిని ప్రచురించారు. ఇవాళ మన కాలేజీల్లో నడిచే వాణిజ్య సాఫ్ట్‌వేర్ల గుండెలో ఆ పద్ధతో, దాని సంతతో కొట్టుకుంటూ ఉంటుంది. వరంగల్‌లో పుట్టి, ఉస్మానియాలో చదివి, అమెరికా టెక్సస్‌లో ఆచార్యుడైన జె.ఎన్. రెడ్డి ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతిని వేడికీ ద్రవ ప్రవాహానికీ అన్వయిస్తూ సహరచయితగా రాసిన పుస్తకం పీజీ విద్యార్థులకు చేతిపుస్తకమైంది. ఈ మాట తెలుగు విద్యార్థులకు గర్వంగా చెప్పాలి.

మరి గొడవ ఎక్కడ? ప్రవాహాన్ని వర్ణించే నావియర్-స్టోక్స్ సమీకరణాలకు ఎప్పుడూ సాఫీ పరిష్కారం ఉంటుందా అన్నదే గణితంలో ఇంకా తేలలేదు. క్లే సంస్థ 2000లో దీన్ని పది లక్షల డాలర్ల బహుమతి సమస్యల్లో చేర్చింది. టర్బులెంట్ ప్రవాహంలోని ప్రతి సుడినీ లెక్కగట్టే శక్తి మన ల్యాబ్ కంప్యూటర్లకు లేదు కాబట్టి మోడళ్లు వాడతాం. వాటిలో మన పిల్లలు కళ్లు మూసుకుని ఎంచుకునేది కె-ఎప్సిలాన్. ఆ మోడల్‌లో 0.09, 1.44, 1.92 లాంటి స్థిరాంకాలు ఉంటాయి. అవి ప్రయోగాల కొలతలకు సరిపోయేలా కుదిర్చిన అంకెలు. అంటే రంగు బొమ్మ అడుగున కూడా ఎవరో ఎప్పుడో చేసిన కొలతలే ఉన్నాయి. ప్రవాహం గోడను విడిచే చోట, సుడి తిరిగే చోట ఆ అంకెలు దారి తప్పుతాయి. మెష్‌ను, అంటే ప్రవాహాన్ని విడగొట్టే గళ్ల వలను, రెట్టింపు చేసి జవాబు మారలేదని చూపడం, తెలిసిన ప్రయోగంతో పోల్చడం, గోడ పక్క మొదటి గడి ఎంత దూరంలో ఉండాలో సరిచూసుకోవడం అందుకే తప్పనిసరి. ఈ మూడూ చేసిన సిమ్యులేషన్ థీసిస్‌కు నేను నిండు మార్కులే వేస్తాను. మెనూలో ముందుగా ఉన్నవాటినే ఉంచేసి, బటన్ నొక్కి, బొమ్మ తీసి అతికించినదాన్ని పరిశోధన అనలేను.

మన కాలేజీల్లో ప్రయోగాలు పూర్తిగా లేవనీ అనను. రెండు అంశాల మీద కుప్పలుతెప్పలుగా జరిగాయి. ఒకటి బయోడీజిల్. 2003 ప్రాంతంలో బయోడీజిల్ ఊపు మొదలయ్యాక కానుగ, అడవి ఆముదం, ఇప్ప, పత్తిగింజల నూనెలను సింగిల్ సిలిండర్ డీజిల్ ఇంజన్‌లో పోసి నడపడం మన థర్మల్ ఎంటెక్‌లకు ఆనవాయితీ అయింది. నూనె మారుతుంది, కలిపే శాతం మారుతుంది, గ్రాఫుల ఆకారం మాత్రం మారదు. బయోడీజిల్‌లో బరువులో దాదాపు 11 శాతం ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి డీజిల్ కంటే కిలోకు వేడి తక్కువ, ఇంధన ఖర్చు కాస్త ఎక్కువ. పొగ, కార్బన్ మోనాక్సైడ్ తగ్గుతాయి, నైట్రోజన్ ఆక్సైడ్లు చాలావరకు కొద్దిగా పెరుగుతాయి. ఈ సంగతి మొదటి పది థీసిస్‌లలోనే తేలిపోయింది. ఆ తర్వాత వచ్చిన వాటిలో ఎక్కువ భాగం అదే పాఠాన్ని మళ్లీ అప్పజెప్పాయి.

రెండోది నానోఫ్లూయిడ్లు. నీళ్లలో అల్యూమినా, కాపర్ ఆక్సైడ్ వంటి నానో రేణువులు కలిపితే వేడి బాగా పారుతుందన్న ఆలోచనకు 1995లో అమెరికా ఆర్గాన్ ల్యాబ్‌లో స్టీఫెన్ చోయ్ ఈ పేరు పెట్టారు. కొన్ని పత్రాల్లో ఆశ్చర్యపరిచే పెరుగుదలలు వచ్చాయి. అప్పుడు ప్రపంచవ్యాప్తంగా 30కి పైగా ప్రయోగశాలలు కలిసి ఒకే నమూనాలను పంచుకుని, తలా ఒకచోట కొలిచి, 2009లో ఫలితం ప్రకటించాయి. వేడి వాహకత అంతుపట్టని రీతిలో ఏమీ పెరగలేదు, రేణువులు కలిసిన మిశ్రమాలకు పాత సిద్ధాంతం చెప్పినంతే పెరిగింది అని తేల్చాయి. రేణువులు కలిపితే జిగట పెరుగుతుంది, పంపుకు కరెంటు ఎక్కువ పడుతుంది అన్నది వేరే లెక్క. ఒక శాస్త్రం తన తప్పును తాను దిద్దుకున్న తీరుకు ఇంత మంచి ఉదాహరణ తరగతిలో చెప్పకుండా, అదే అంశం మీద ఏటేటా కొత్త థీసిస్‌లు ఇస్తూ పోవడం నాకు బాధ కలిగిస్తుంది.

ఇక్కడ చిన్న లెక్క ఒకటి చెప్పాలి. మన ల్యాబుల్లో ఎక్కువగా వాడే కె-టైప్ థర్మోకపుల్‌లో మామూలుగా 2.2 డిగ్రీలు అటో ఇటో తేడా ఉండవచ్చు. గొట్టంలోకి వెళ్లే నీటికీ బయటికొచ్చే నీటికీ మధ్య తేడా 5 డిగ్రీలు అనుకుందాం. రెండు చోట్లా రెండు థర్మోకపుల్స్. రెండింటి అనిశ్చితినీ వర్గాలు కూడి వర్గమూలం తీస్తే 3 డిగ్రీలు దాటుతుంది. అంటే మనం కొలిచామనుకున్న 5 డిగ్రీల్లో సగానికి మించి అనుమానమే. అలాంటి ప్రయోగం చేసి "హీట్ ట్రాన్స్‌ఫర్ 12 శాతం పెరిగింది" అని రాస్తే ఆ 12కు విలువ లేదు. రెండు థర్మోకపుల్స్‌నూ ఒకే నీళ్లలో ముంచి, ఒకదానితో ఒకటి సరిచూసుకుంటే ఈ చిక్కు చాలావరకు తీరుతుంది. దానికి ఒక ఫ్లాస్కు, ఐసు, వేడినీళ్లు, ఒక మధ్యాహ్నం చాలు. ఈ అనిశ్చితి లెక్క పద్ధతిని క్లైన్, మెక్‌క్లింటాక్ 1953లోనే రాసిపెట్టారు. మన థీసిస్‌లలో దానికి ఒక పేజీ కేటాయిస్తారు, కానీ చాలాసార్లు ఆ పేజీ పాత థీసిస్ నుంచి యథాతథంగా దిగుతుంది. పరికరం పేరు కూడా మారదు.

ఎందుకిలా అయింది? ఇంజనీరింగ్ కాలేజీలు పుట్టగొడుగుల్లా పెరిగిన రోజుల్లో లెక్చరర్ ఉద్యోగానికి ఎంటెక్ తప్పనిసరి అయింది. సీట్లు పెరిగాయి, టెస్ట్ రిగ్గులు పెరగలేదు. గేట్‌తో వచ్చిన విద్యార్థికి నెలకు 12,400 రూపాయల స్టైపెండ్ వస్తుంది, గేట్ లేకుండా రాష్ట్ర పీజీఈసెట్‌తో చేరినవాడు ఫీజు కట్టుకుంటూ పక్కన ఇంకో పని చూసుకోవాలి. అలాంటి పిల్లవాడిని ఆరు నెలలు రిగ్గు పక్కన నిలబెట్టడం కష్టమే. తోటి వాళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో చేరుతుంటే 12,400తో హాస్టల్‌లో గడపడమూ తేలిక కాదు. గైడ్‌కు కూడా కొత్త పంపు కొనాలంటే ఎన్ని సంతకాలు కావాలో తెలుసు. సిమ్యులేషన్‌కు సంతకాలు అక్కర్లేదు. విద్యార్థి సోమరితనం అనేస్తే ఈ కథలో సగం మరుగున పడిపోతుంది.

డబ్బు లేకపోతే ప్రయోగం లేదన్న వాదనను మాత్రం నేను ఒప్పుకోను. ఐఐఎస్సీలో ప్రొఫెసర్ కె.పి.జె. రెడ్డి చేత్తో పిస్టన్‌ను తోస్తే ధ్వనిని మించిన వేగంతో షాక్ తరంగం పుట్టే చిన్న గొట్టాన్ని తయారుచేశారు. రెడ్డి ట్యూబ్ అని దానికి పేరు. బల్ల మీద పెట్టుకునే పరికరం అది. ఊహ, ఓర్పు ఉన్న చోట షాక్ తరంగమే బల్ల మీదికి వచ్చింది.

ఇక ఉద్యోగాలు, అవసరాల మాట. బొగ్గు ప్లాంట్ల కాలం అయిపోయింది కాబట్టి థర్మల్ కూడా అయిపోయిందని కొందరి తీర్పు. రామగుండంలో ఎన్‌టీపీసీ, నల్గొండ జిల్లా దామరచర్లలో 800 మెగావాట్ల అయిదు యూనిట్ల యాదాద్రి కేంద్రం కళ్లముందున్నాయి. 500 మెగావాట్ల యూనిట్ ఆ కరెంటు ఇచ్చేటప్పుడు దాదాపు 800 మెగావాట్ల వేడిని కూలింగ్ టవర్‌కూ చిమ్నీకీ వదిలేస్తుంది. అందులో ఒక్క శాతం పొదుపు చేసినా 8 మెగావాట్లు. ఈ పని ఇంకా చాలా ఏళ్లు ఉంటుంది. అయినా థర్మల్ అంటే బాయిలర్ ఒక్కటే కాదు.

హైదరాబాద్‌లో 2020 డిసెంబరులో డీఆర్‌డీఓ హైపర్‌సోనిక్ విండ్ టన్నెల్‌ను ప్రారంభించారు. ధ్వని వేగానికి 5 నుంచి 12 రెట్లలో గాలి వీస్తుంది అక్కడ. 2025 జనవరిలో డీఆర్‌డీఓ ల్యాబ్ డీఆర్‌డీఎల్ తన స్క్రామ్‌జెట్ ఇంజన్ కంబస్టర్‌ను నేల మీద 120 సెకన్లు మండించింది, ఏప్రిల్‌లో 1000 సెకన్లు దాటించింది. దాని గోడలు కరిగిపోకుండా కాపాడేది మండబోయే ఇంధనమే. ముందుగా గోడల్లోని సన్నని కాలువల గుండా పారి, వేడిని పీల్చుకుని, ఆ తర్వాత మంటలోకి వెళ్తుంది. ఒకే ఇంధనం చల్లబరిచి, ఆ వెంటనే మండుతుంది. హీట్ ట్రాన్స్‌ఫర్, ఫ్లూయిడ్ మెకానిక్స్, కంబషన్ మూడూ ఒకే గోడలో ఉన్నాయి. ఇది మన ఊళ్లోనే జరుగుతోంది.

విశాఖలో గిగావాట్ స్థాయి డేటా సెంటర్ పెడతామని గూగుల్ 2025 అక్టోబరులో ప్రకటించింది. సర్వర్లలోకి వెళ్లే కరెంటు దాదాపు అంతా చివరికి వేడిగానే బయటికి రావాలి. ఒక గిగావాట్ వేడిని కేవలం నీటిని ఆవిరి చేసి తొలగించాలంటే ఎంత నీరు కావాలో కాగితం మీద వేసి చూశాను. సెకనుకు 400 కిలోల పైమాటే, రోజుకు మూడున్నర కోట్ల లీటర్లు. నీటికి కటకటలాడే నగరంలో ఇది చిన్న అంకె కాదు. గాలితో చల్లబరచాలా, ద్రవాన్ని చిప్ దాకా పంపాలా, సముద్రపు నీరు వాడవచ్చా? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పాల్సింది థర్మల్ ఇంజనీరే. ఆంధ్ర విశ్వవిద్యాలయం అదే నగరంలో ఉంది.

2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూంలో మొదలైన మంటల పొగ, పై అంతస్తుల్లోని లాడ్జిలో 8 మందిని బలి తీసుకుంది. లిథియం బ్యాటరీలో ఒక సెల్ అదుపు తప్పి వేడెక్కితే పక్క సెల్‌ను వేడెక్కిస్తుంది, అది ఇంకోదాన్ని. ఆ గొలుసును ఎక్కడ, ఎన్ని సెకన్లలో తెంచగలమన్నది ప్రయోగశాలలో సెల్‌ను కాల్చి చూస్తేగాని తెలియదు.

ఇవన్నీ పెద్ద సంస్థల పనులు. మన పక్కనే, చిన్న కాలేజీల గుమ్మం ముందే ఉన్న పని గురించి ఎవరూ మాట్లాడరు. ప్రకాశం జిల్లా పొగాకు బ్యారన్లే చూడండి. కట్టెలు మండించి రేకు గొట్టాల ద్వారా లోపలికి వేడి పంపుతారు. పచ్చాకును 35 డిగ్రీల దగ్గర పసుపెక్కించడంతో మొదలుపెట్టి, మెల్లమెల్లగా పెంచుతూ, ఈనె ఎండేదాకా 70 డిగ్రీల వరకు తీసుకెళ్తారు. దాదాపు వారం పని. రైతు రాత్రిళ్లు మేలుకొని థర్మామీటరు చూసుకుంటూ కట్టె వేస్తాడు. ఒక్కో బ్యారన్ ఎన్ని కట్టెలు తింటుంది, ఎంత వేడి గోడల గుండా పోతుంది, గాలి లోపల ఎలా తిరుగుతుంది? అచ్చమైన ఎంటెక్ ప్రాజెక్టు ఇది. గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీలు కూడా అంతే. బయట 44 డిగ్రీల ఎండ కాస్తుంటే తలుపు తెరిచిన ప్రతిసారీ ఎంత వేడి లోపలికి వస్తుందో, బస్తాల మధ్య చల్లగాలి ఏ మూలకు చేరడం లేదో కొలవడానికి ఒక డేటా లాగర్, ఇరవై థర్మోకపుల్స్ చాలు. శీతలీకరణ అవసరాన్ని 2037-38 నాటికి 20 నుంచి 25 శాతం తగ్గించాలని కేంద్రం 2019లో ఇండియా కూలింగ్ యాక్షన్ ప్లాన్‌లో లక్ష్యం పెట్టుకుంది. ఆ లక్ష్యం ఢిల్లీ నుంచి కాదు, ఇలాంటి గోదాముల నుంచి నెరవేరాలి.

విదేశీ చదువు గురించి రెండు మాటలు. అమెరికా ఎంఎస్‌లో థీసిస్ దారి, కోర్సువర్క్ దారి వేరువేరు. అప్పు చేసి వెళ్లే మన పిల్లల్లో చాలామంది కోర్సువర్క్‌తోనే ముగించి వచ్చే ఉద్యోగం చూసుకుంటారు. అది వాళ్ల అవసరం, తప్పు పట్టను. పరిశోధన కోసమే వెళ్లేవాళ్లు మాత్రం బెల్జియంలోని వాన్ కార్మన్ ఇన్‌స్టిట్యూట్ వంటి చోట్ల కూడా చూడాలి. 1956లో మొదలైన ఆ సంస్థకు ఫ్లూయిడ్ డైనమిక్స్ తప్ప వేరే పని లేదు. పీహెచ్‌డీ ఇక్కడే చేస్తామనేవాళ్లకు 2023 జనవరి నుంచి జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ నెలకు 37,000 రూపాయలైంది. కంబషన్ మీద ఆసక్తి ఉంటే ఐఐటీ మద్రాసులోని జాతీయ కంబషన్ పరిశోధన కేంద్రం వంటి చోటు దేశంలోనే ఉంది.

చేరబోయే విద్యార్థికీ, ఫీజు కట్టబోయే తల్లిదండ్రులకూ నా విన్నపం ఒకటుంది. కౌన్సెలింగ్‌లో ఆప్షన్ పెట్టే ముందు ఒక రోజు ఆ కాలేజీకి వెళ్లండి. ప్లేస్‌మెంట్ బోర్డు చూశాక, హీట్ ట్రాన్స్‌ఫర్ ల్యాబ్ తాళం తీయమని అడగండి. అక్కడి ల్యాబ్ అసిస్టెంటుతో మాట్లాడండి. ఏ రిగ్గు నడుస్తుందో, ఏది దుమ్ము పట్టి ఉందో ఆయనకు తెలిసినంత మరెవరికీ తెలియదు. థర్మోకపుల్స్‌ను చివరిసారి ఎప్పుడు సరిచూశారో కనుక్కోండి. బయటికి వచ్చే ముందు లాగ్‌బుక్ తీయించి, రీడింగులు రాసిన చివరి పేజీ మీద ఏ తేదీ ఉందో చూసి, ఆ తర్వాతే ఆప్షన్ పెట్టండి.